నలభై దాటినా ఈదొచ్చు!

'ఈత వచ్చా?'

పల్లెలో పెరిగినవాళ్లను ఈ ప్రశ్న అడిగితే నవ్వేస్తారు. నడుముకి బెండ్లు కట్టి మోటబావిలోకి తోసేస్తే అదే వచ్చిందంటారు. పట్నంలో పెరిగినవాళ్లను అడిగితే తల అడ్డంగా ఊపుతారు. 'ఈ వయసులో మాకెందుకు లెండి, పిల్లల్ని చేర్పించాంగా' అంటారు. వేసవి సెలవుల్లో ఏ ఈతకొలను దగ్గరికి వెళ్లినా ఈ దృశ్యమే. నీళ్లలో పిల్లల కేరింతలు... గట్టుమీద తువ్వాళ్లు పట్టుకుని అమ్మానాన్నలు!

గట్టుమీద ఉండిపోయిన ఆ పెద్దవాళ్ల కోసమే ప్రపంచంలో చాలాచోట్ల ప్రత్యేకంగా క్లబ్బులు ఉన్నాయి. వాటిని 'మాస్టర్స్ స్విమ్మింగ్' క్లబ్బులంటారు. పేరు చూసి ఆరితేరిన ఈతగాళ్లకేమో అనుకోవద్దు. ఇక్కడ మాస్టర్స్ అంటే పెద్దవాళ్లు... అంతే! పద్దెనిమిదేళ్లు నిండినవాళ్ల నుంచి తొంభై దాటినవాళ్ల దాకా ఎవరైనా చేరొచ్చు. టిక్కెట్టు కొనుక్కుని కొలనులోకి దిగి, కాసేపు అటూ ఇటూ ఈది వచ్చేయడం కాదిది. గట్టుమీద కోచ్ ఉంటారు. బోర్డు మీద ఆ రోజు పాఠం ఉంటుంది. గోడకి గడియారం ఉంటుంది. అచ్చం బడి లాంటిదే. కాకపోతే ఇందులో విద్యార్థులకు బట్టతలా, మోకాళ్ల నొప్పులూ, మనవలూ ఉంటారు!

నేవీ డాక్టరు ఆలోచన

అమెరికాలో 1960ల దాకా ఈత అంటే కుర్రకారు వ్యవహారమే. కాలేజీ చదువు అయిపోయిందంటే ఈతకీ సెలవే. ఇరవై రెండేళ్లకే 'మాజీ'లైపోయేవాళ్లు. అక్కడి నావికాదళంలో వైద్యుడిగా పనిచేసిన కెప్టెన్ రాన్సమ్ ఆర్థర్‌కి ఇది నచ్చలేదు. పెద్దవాళ్లకీ పోటీలంటూ ఉంటే వాటికోసమైనా రోజూ సాధన చేస్తారు, ఆరోగ్యంగా ఉంటారు అన్నది ఆయన వాదన. జాన్ స్పానుత్ అనే కోచ్ తోడయ్యారు. అలా 1970 మే నెలలో టెక్సాస్ రాష్ట్రంలోని అమరిల్లో పట్టణంలో పెద్దల జాతీయ పోటీ జరిగింది. వచ్చింది నలభై ఆరుగురు!

ఆ నలభై ఆరుగురితో మొదలైన సంస్థే 'యూఎస్ మాస్టర్స్ స్విమ్మింగ్'. ఇవాళ అందులో సభ్యులు యాభై వేలకు పైమాటే. విచిత్రమేంటంటే పోటీల కోసం పుట్టిన ఆ సంస్థ సభ్యుల్లో చాలామంది అసలు పోటీలకే వెళ్లరు. పొద్దున్నే ఓ గంట కోచ్ చెప్పినట్టు ఈది, ఆఫీసుకి వెళ్లిపోతారు. వాళ్లకి కావలసింది పతకం కాదు, ఆ గంట!

గంటలో ఏం జరుగుతుంది?

చాలా క్లబ్బుల్లో ఉదయం ఐదున్నరా ఆరింటికే కొలను కళకళలాడుతుంది. ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకు అదే కుదిరే సమయం. కొలనుని పొడుగునా తాళ్లు కట్టి లేన్లుగా విడదీస్తారు. ఎవరు ఏ లేన్‌లో దిగాలో వయసుని బట్టి కాదు, వేగాన్ని బట్టి నిర్ణయిస్తారు. దాంతో పాతికేళ్ల సాఫ్ట్‌వేర్ ఇంజినీరూ, అరవై అయిదేళ్ల రిటైర్డు టీచరమ్మా ఒకే లేన్‌లో పడొచ్చు. పైగా టీచరమ్మే ముందు ఉండొచ్చు!

ఒక్కో లేన్‌లో నలుగురైదుగురు ఉంటారు. రోడ్డు మీద బండ్లలాగే వెళ్లేవాళ్లు ఒక పక్క, వచ్చేవాళ్లు ఇంకో పక్క. ఒకరు బయల్దేరాక అయిదు సెకన్లో పది సెకన్లో ఆగి రెండోవాళ్లు కదలాలి. వెనకున్నవాళ్లు మరీ దగ్గరికొచ్చి పాదాన్ని వేలితో తాకితే 'కాస్త దారి ఇవ్వండి' అని అర్థం. గోడ దగ్గర ఓ మూలకి ఒదిగి దారి ఇవ్వాలి. కోపాలూ తాపాలూ ఉండవు.

మొదటి పది నిమిషాలూ ఒళ్లు వేడెక్కడానికి. మూడొందలో నాలుగొందలో మీటర్లు నింపాదిగా ఈదుతారు. తర్వాత వచ్చేవి 'డ్రిల్స్'... అంటే ఈతని ముక్కలుగా విడదీసి ఒక్కో ముక్కనీ దిద్దడం. పిడికిళ్లు బిగించి ఈదమంటారు ఒకసారి. అరచెయ్యి లేకపోయేసరికి, నీటిని మోచేతి దాకా మొత్తం చేత్తో ఎలా పట్టుకోవాలో తెలిసివస్తుంది. ఓ చెయ్యి వచ్చి రెండో చేతిని తాకాకే దాన్ని కదపమంటారు ఇంకోసారి. దాంతో తొందర తగ్గుతుంది. తొడల మధ్య స్పాంజి దిమ్మె పెట్టుకుని చేతులతోనే ఈదడం, పలక పట్టుకుని కాళ్లతోనే ఈదడం... ఇవీ ఉంటాయి.

ఆపైన అసలు పాఠం. 'వంద మీటర్లు... పదిసార్లు' అని బోర్డు మీద రాసి ఉంటుంది. కొత్తవాళ్లకైతే పాతిక మీటర్లు ఎనిమిదిసార్లే ఉండొచ్చు. చివరి అయిదు నిమిషాలూ మళ్లీ నింపాదిగా ఈది గుండె వేగం తగ్గించుకోవాలి. అలవాటైనవాళ్లు ఈ గంటలో రెండున్నర, మూడు కిలోమీటర్లు ఈదేస్తారు. కొత్తవాళ్లు అయిదారువందల మీటర్లు ఈదినా ఎవరూ ఏమీ అనరు.

గడియారం చెప్పే నిజం

కొలను గోడకి ఉండే పెద్ద గడియారానికి గంటల ముల్లు ఉండదు. సెకన్ల ముల్లే ముఖ్యం. ఎర్రముల్లు పైకి రాగానే మొదటివాళ్లు బయల్దేరతారు. వంద మీటర్లకు రెండున్నర నిమిషాల గడువు ఇచ్చారనుకోండి. మీరు 2 నిమిషాల 10 సెకన్లలో వచ్చేస్తే మిగిలిన 20 సెకన్లూ విశ్రాంతి. 2 నిమిషాల 25 సెకన్లు పట్టిందా... విశ్రాంతి 5 సెకన్లే!

కొత్తగా చేరినవాళ్లంతా దాదాపు ఒకేలా చేస్తారు. మొదటి వందా రెండు నిమిషాలకే ముగించేస్తారు. మూడోదానికి రొప్పుతారు. అయిదోదానికి గోడ పట్టుకుని వేలాడతారు. 'మొదటి రెండూ నెమ్మదిగా ఈది ఉంటే పదీ అయ్యేవి కదా' అంటారు కోచ్. వారం పది రోజులకి ఆ మాట ఒంటికెక్కుతుంది. అప్పట్నుంచి పదికి పదీ ఒకే సమయంలో వస్తుంటాయి. ఒంట్లో శక్తిని ఎంత, ఎప్పుడు ఖర్చుపెట్టాలో నేర్పే పాఠమిది. ఒంటరిగా ఈదేవాళ్లకి ఇది పట్టుబడటం కష్టం. అలసిపోగానే ఆగిపోతారు, ఆపమనడానికైనా కొనసాగించమనడానికైనా పక్కన ఎవరూ ఉండరు మరి.

బలం కాదు... ఒడుపు

జిమ్‌లో బరువులెత్తే కుర్రాడు కొలనులో పాతిక మీటర్లకే ఆయాసపడిపోతే... పక్క లేన్‌లో డెబ్భై ఏళ్ల పెద్దాయన అలవోకగా సాగిపోతుంటాడు. కారణం నీళ్లే. గాలికంటే నీరు దాదాపు ఎనిమిదొందల రెట్లు చిక్కన. మనం వేగం రెట్టింపు చేయాలనుకుంటే నీళ్లు మనల్ని ఆపే శక్తి ఇంచుమించు నాలుగు రెట్లవుతుంది. కాబట్టి బలంతో నీళ్లను గెలవలేం. వాటికి అడ్డం లేకుండా ఒదిగిపోవాలి.

అక్కడే కోచ్ కన్ను కావాలి. మనం ఎలా ఈదుతున్నామో మనకి కనపడదు. నిటారుగానే ఉన్నాననుకుంటాం, నడుము దగ్గర పాములా మెలికలు తిరుగుతుంటాం. దారి చూడటానికి తల పైకెత్తుతాం, తక్షణం నడుమూ కాళ్లూ కిందికి దిగిపోతాయి. అప్పుడిక ఈదుతున్నట్టు కాదు... నీళ్లలో కొండెక్కుతున్నట్టు! 'తల దించండి, కొలను అడుగున గీతను చూడండి' అంటారు కోచ్. ఆ ఒక్కమాటతో కాళ్లు పైకి తేలతాయి. 

కాళ్లను సైకిల్ తొక్కినట్టు మోకాళ్ల దగ్గర మడిచి కొట్టడం మరో పొరపాటు. కదలిక తుంటి నుంచి రావాలి, పాదాలు వెనక్కి చాచి ఉండాలి. ఏళ్ల తరబడి జాగింగ్ చేసినవాళ్లకి చీలమండలు బిగుసుకుపోయి ఉంటాయి. అలాంటివాళ్లకి పలక ఇచ్చి కాళ్లు ఆడించమంటే ఎంత కొట్టినా ఉన్నచోటే ఉంటారు. ఒక్కోసారి వెనక్కి కూడా పోతారు. నవ్వొచ్చినా నిజమే! ఇక చెయ్యి ముందుకు చాచినప్పుడు తల మీదుగా అవతలి పక్కకి దాటిపోతుంటే భుజం నొప్పి మొదలవుతుంది. నలభై దాటాక వచ్చే ఆ నొప్పి ఓ పట్టాన వదలదు. తొలి వారాల్లోనే దిద్దుకుంటే సమస్యే ఉండదు.

పిల్లలకీ పెద్దలకీ నేర్పడంలో తేడా ఇక్కడే ఉందంటారు అనుభవజ్ఞులు. పిల్లలు చూసి అనుకరిస్తారు. పెద్దలు 'ఎందుకు?' అని అడుగుతారు. వాళ్లకి కారణం చెప్పాలి. 'పాతిక మీటర్లకి మీరు 28 బారలు వేస్తున్నారు, 24కి తగ్గించండి చూద్దాం' అంటే ఉత్సాహంగా లెక్కపెట్టుకుంటారు. లెక్క తగ్గిన రోజున వాళ్ల మొహం పదో తరగతి పాసైనట్టు వెలిగిపోతుంది!

ముందు ఊపిరి... తర్వాతే ఈత

బొత్తిగా ఈతరాని పెద్దలకి అడ్డుపడేది ఒళ్లు కాదు, భయం. చిన్నప్పుడెప్పుడో చెరువులో మునిగిన జ్ఞాపకం, బడిలో ఎవరో తోసేసిన జ్ఞాపకం... ముప్ఫై ఏళ్లయినా పోదు. అలాంటివాళ్లని లోతులోకి తోసేస్తే అదే వస్తుందనుకోవడం సరికాదు. ఆ పద్ధతిలో ఈత వచ్చినవాళ్లే మనకి కథలు చెబుతారు. రానివాళ్లు జీవితాంతం నీళ్లకి దూరంగా ఉండిపోతారు.

అందుకే పెద్దల క్లబ్బుల్లో పాఠం నడుంలోతు నీళ్లలోనే మొదలవుతుంది. మొదటిరోజు మొహం నీళ్లలో పెట్టి ముక్కుతోనూ నోటితోనూ బుడగలు వదలడమే పని. భయంలో ఊపిరి బిగబట్టడం సహజం. బిగబట్టేకొద్దీ ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. గుండె దడదడలాడుతుంది. 'గాలి చాలడం లేదు' అనిపిస్తుంది. నిజానికి చాలనిది గాలి కాదు, పాతగాలి బయటికి పోలేదంతే. నీళ్లలో ఉన్నంతసేపూ మెల్లగా ఊపిరి వదులుతూ ఉంటే తల పక్కకి తిప్పినప్పుడు పీల్చుకోవడానికి చోటుంటుంది. తర్వాత బోర్లా తేలడం, వెల్లకిలా తేలడం. తేలుతున్నవాళ్లు మళ్లీ కాళ్లమీద నిలబడటం ఎలాగో ప్రత్యేకంగా నేర్పుతారు. నిలబడగలనన్న ధైర్యం వచ్చాక సగం భయం పోయినట్టే. అమెరికాలో ఏప్రిల్ నెలను ప్రత్యేకంగా 'పెద్దలు ఈత నేర్చుకునే నెల'గా జరుపుతున్నారు.

ఇది సరదా కోసం మాత్రమే కాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షలమంది నీట మునిగి చనిపోయారు. పండగ స్నానాలకో విహారానికో వెళ్లి, మునిగిపోతున్న బిడ్డను కాపాడబోయి ఈతరాని తండ్రి కూడా ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు మన పేపర్లలో ఏటా చదువుతూనే ఉన్నాం. పిల్లలకి ఈత నేర్పించి తాము నేర్చుకోకపోవడం ఎంత ఖరీదైన పొరపాటో ఆ వార్తలే చెబుతాయి. కొలనులో నేర్చిన ఈత నదిలో సుడిగుండాలకి చాలకపోవచ్చు. కానీ నీళ్లంటే ఏమిటో తెలిసినవాళ్లు ఎక్కడ దిగకూడదో కూడా తెలుసుకుంటారు.

వయసు పెరిగితే సంబరం!

పోటీలకి వెళ్లాలనుకునేవాళ్లకీ ఇక్కడ కొరతలేదు. పెద్దల తొలి ప్రపంచ పోటీలు 1986లో టోక్యోలో జరిగాయి. 2024లో దోహాలో, 2025లో సింగపూర్‌లో జరిగాయి. ప్రపంచ పోటీల్లో పాతికేళ్లు నిండినవాళ్లని అయిదేళ్లకో వర్గంగా విడదీస్తారు. యాభై ఎనిమిదేళ్లాయన పాతికేళ్ల కుర్రాడితో పోటీపడక్కర్లేదు. దీంట్లో ఓ తమాషా ఉంది. యాభై తొమ్మిదేళ్లవాళ్లు అరవై ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తుంటారు. 60-64 వర్గంలో వాళ్లే అందరికంటే చిన్నవాళ్లు మరి! రిలే పోటీలో అయితే నలుగురి వయసునీ కూడి వర్గం నిర్ణయిస్తారు. జట్టులో తాతగారుండటం అక్కడ లాభమే.

జపాన్‌కి చెందిన మియెకో నగవోకా కథ వింటే 'ఈ వయసులో ఏం నేర్చుకుంటాం' అన్న మాట నోట రాదు. 1914లో పుట్టిన ఆమె మోకాలి నొప్పి కోసమని ఎనభై దాటాక కొలనులో దిగారు. పోటీల్లో పాల్గొన్నారు. 2015లో, నూరేళ్ల వయసులో, 1500 మీటర్లు ఈది ఆ ఘనత సాధించిన తొలి శతాధిక వృద్ధురాలయ్యారు. మొత్తం దూరం వెల్లకిలా ఈదడానికి ఆమెకు పట్టిన సమయం గంటా పదిహేను నిమిషాల 54 సెకన్లు. 

మనదగ్గర...

మన తెలుగునేలకి నీళ్లు కొత్తకాదు. విజయవాడలో కృష్ణానది ఈదే అలవాటు తరాలుగా ఉంది. అక్కడి 'ఆక్వా డెవిల్స్' సంఘం నదిని ఈది దాటే పోటీలు నిర్వహిస్తుంటుంది. విశాఖలో సముద్రపు ఒడ్డునే ఈతకొలనుల సముదాయం ఉంది. హైదరాబాద్ గచ్చిబౌలిలో 2002 జాతీయ క్రీడల కోసం అంతర్జాతీయ ప్రమాణాలతో కొలను కట్టారు. ఇక గోలి శ్యామల సంగతి చూడండి. నీళ్లంటే భయపడి, నలభై దాటాక ఈత నేర్చుకున్న ఆమె శిక్షణతో ఎంతదూరం వెళ్లారంటే... 2021 మార్చిలో శ్రీలంక నుంచి ధనుష్కోడి దాకా సుమారు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని పదమూడు గంటలకు పైగా ఈది దాటారు. యాభై దాటాక, విశాఖ నుంచి కాకినాడ దాకా 150 కిలోమీటర్లు రోజుకి కొంతగా సముద్రంలో ఈది 2025 జనవరి మొదట్లో ముగించారు.

అందరూ సముద్రాలు దాటక్కర్లేదు. కానీ మన ఊళ్లలోని చాలా కొలనుల్లో కోచ్‌లు ఉండేది పిల్లల కోసమే. పెద్దలకి 'జనరల్ బ్యాచ్' అని ముప్పావుగంట ఇస్తారు. ఎవరికి తోచినట్టు వాళ్లు ఈదుకోవాలి. పదేళ్లు ఈదినా మొదటి సంవత్సరం చేసిన తప్పే పదేళ్లూ చేస్తుంటారు. ఆడవాళ్ల సంగతి మరీను. పెద్దమనిషైన ఆడపిల్లని చెరువువైపు పోనివ్వని రోజుల్లో పెరిగి, తర్వాత సంసారంలో పడి, నీళ్లలో కాలే పెట్టని అమ్మలూ అత్తలూ ఎంతమందో! మహిళా కోచ్‌తో ప్రత్యేక సమయం కేటాయించి, ఒళ్లంతా కప్పే ఈతదుస్తులకి అనుమతి ఇస్తే వాళ్లలో చాలామంది వస్తారు.

దీనికి కోట్లు అక్కర్లేదు. కొలను ఎలాగూ ఉంది. ఓ పదిమంది కలిసి వెళ్లి వారానికి రెండు మూడు రోజులు పెద్దల కోసం ఓ గంట, ఓ కోచ్‌ని ఇవ్వమని అడిగితే చాలు. ఓ బోర్డూ, ఓ గడియారం ఉంటే క్లబ్బు తయారైనట్టే.

దిగేముందు...

* గుండెజబ్బు, బీపీ, మూర్ఛ, చెవికర్ణభేరికి చిల్లు లాంటి సమస్యలుంటే ముందు డాక్టరుని అడగాలి. మధుమేహానికి ఇన్సులిన్ వాడేవాళ్లు చక్కెర పడిపోకుండా జాగ్రత్తపడాలి. ఆ సంగతి కోచ్‌కి కూడా చెప్పి ఉంచాలి.

* ఎంత బాగా వచ్చినా ఒంటరిగా ఈదొద్దు. గబగబా గాలి పీల్చి నీటి అడుగున ఎక్కువసేపు ఉండే పందేలు అసలే వద్దు. హెచ్చరిక లేకుండా స్పృహ తప్పుతుంది.

* కళ్లద్దాలు మొహానికి సరిగ్గా అతుక్కోవాలి. నూలుబట్టలు తడిసి బరువెక్కుతాయి, నైలాన్ లాంటివి మేలు.

* దిగేముందు ఒళ్లు కడుక్కోవాలి. కొలను దగ్గర ఘాటైన క్లోరిన్ వాసన వస్తే నీళ్లు శుభ్రంగా ఉన్నాయని కాదు అర్థం. చెమట, మూత్రం లాంటివాటితో క్లోరిన్ కలిస్తే వచ్చే వాసన అది.

* మొదటి నెల దూరం లెక్కపెట్టుకోవద్దు. ఊపిరి, తేలడం, ఒళ్లు నిటారుగా ఉంచడం... ఈ మూడూ కుదిరితే దూరం దానంతటదే వస్తుంది.

ఈ వేసవిలో పిల్లల్ని ఈతకి చేర్పించడానికి వెళ్తున్నారా? కౌంటర్ దగ్గర ఇంకో ప్రశ్న కూడా అడగండి... 'పెద్దవాళ్లకి ఏ టైములో నేర్పుతారండీ?' అని. లేదంటే, అడిగేవాళ్లు ఉన్నారని వాళ్లకి తెలుస్తుంది. ఉందంటే, ఇంటి నుంచి ఇంకో తువ్వాలు తెచ్చుకోవాల్సిందే!